కంపెనీ సర్వీసులో దేనికెంత, ఏది అవసరం: రాయగడ, కొరాపుట్, బరంపురం వైపు కారున్నవాళ్ళకి

కంపెనీ సర్వీసు సెంటర్లో బిల్లు ఎక్కువైందని గొడవపడేవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ బిల్లులో ఏది కారు తయారుచేసినవాళ్ళు చెయ్యమన్న పని, ఏది సర్వీసు సెంటర్ వాళ్ళు కలిపిన పని అని విడదీసి చూసేవాళ్ళు తక్కువ. ఖర్చు తేలేది మాత్రం అక్కడే. షెడ్యూల్లో ఉన్న పనిలో బేరానికి పెద్దగా చోటు ఉండదు, మానేస్తే కారుకే నష్టం. షెడ్యూల్లో లేనిది ఏదైనా మీరు ఔనంటేనే బిల్లులోకి ఎక్కాలి. ఈ రెంటినీ విడదీయడం ఎలాగో మొదటి నుంచి చివరిదాకా చెప్తాను.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం చుట్టుపక్కల ఉండే మనకి పెద్ద నగరాలవాళ్ళకి లేని చిక్కులు కొన్ని ఉన్నాయి. సర్వీసు సెంటర్ ఒక్కోసారి వంద కిలోమీటర్ల అవతల, పక్క రాష్ట్రంలో ఉంటుంది. రోడ్డు సగం ఘాట్, మిగతా సగం ఎర్రదుమ్ము. అందుకే విశాఖలో ఉన్న చుట్టం చెప్పిన లెక్క మన కారుకి అచ్చంగా సరిపోదు.

1. ముందు మాన్యువల్ తెరవండి

కారుతో ఇచ్చిన ఓనర్ మాన్యువల్ చాలామంది ఇళ్ళలో ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి రానే రాదు. మజ్జిగౌరమ్మ గుడి ముందు పూజ చేయించిన రోజున డ్యాష్‌బోర్డు అరలో పెట్టిన పుస్తకం కారు అమ్మేదాకా అక్కడే ఉంటుంది. దాని వెనక భాగంలో మెయింటెనెన్స్ షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు వరసగా భాగాల పేర్లు, పైన కిలోమీటర్లు, నెలలు. గళ్ళలో ఎక్కువగా రెండే అక్షరాలు కనిపిస్తాయి: ఆర్ అంటే మార్చాలి, ఐ అంటే చూడాలి, అవసరమైతేనే సర్దాలి లేదా మార్చాలి. ఆ రెండు పేజీలూ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. సర్వీసు కౌంటర్ దగ్గర మీ చేతిలో ఉండాల్సిన కాగితం అదే.

కిలోమీటర్లు, నెలలు రెండూ ఇచ్చారంటే ఏది ముందొస్తే అది. ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరిగినా, 12 నెలలు నిండితే ఆయిల్ మార్చాల్సిందే. ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా తక్కువ దూరాలు తిరిగే కారులో ఆయిల్‌లోకి తేమ, పెట్రోలు చేరతాయి. దగ్గరలోని ఆఫీసుకి, బజారుకి తప్ప బయటికి తియ్యని కార్లకి ఈ బాధ ఎక్కువ.

అదే అధ్యాయంలో ఇంకో చిన్న పట్టిక ఉంటుంది. కష్టమైన పరిస్థితుల్లో నడిచే కార్లకి వేరే షెడ్యూల్ అది. దుమ్ము రోడ్లు, కొండ రోడ్లు, తరచూ తక్కువ దూరాలు, ఎక్కువ బరువు అని అందులో రాసి ఉంటుంది. చదివితే మన జిల్లాల గురించే రాశారనిపిస్తుంది. టికిరి, దామన్‌జోడి వైపు బాక్సైట్, అల్యూమినా లారీల వెనక రోజూ వెళ్ళే కారు ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే మడతల మధ్య ఎర్రటి పొడి గట్టిగా పట్టి ఉంటుంది. మామూలు షెడ్యూల్లో ఎయిర్ ఫిల్టర్ 40,000 కిలోమీటర్లకి మార్చమని ఉన్నా, అలాంటి కారుకి 20,000 దగ్గరే మార్చడం దండగ కాదు. బరంపురంలో ఊళ్ళోనే తిరిగే కారుకి ఆ అవసరం లేదు. మీ కారు ఏ పట్టిక కిందికి వస్తుందో మీరే తేల్చుకోండి, సెంటర్లో మన కారు దించుకుని పనులు రాసుకునే సర్వీసు అడ్వైజర్‌కి వదలకండి.

2. ఏది ఎప్పుడు రావాలి

మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి చివరి మాట మీ మాన్యువల్‌దే. చిన్న పెట్రోల్ కార్ల వరకు స్థూలంగా ఇలా ఉంటుంది.

ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ ప్రతి 10,000 కిలోమీటర్లకి లేదా ఏడాదికి. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్ళకి 15,000 దాకా ఇస్తాయి. చిన్న పెట్రోల్ ఇంజన్లలో పట్టే ఆయిల్ మూడు నుంచి నాలుగు లీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె మాన్యువల్లో ఉంటుంది, దాన్ని కూడా ఫోటో తీసుకోండి. బిల్లు చూసేటప్పుడు పనికొస్తుంది.

స్పార్క్ ప్లగ్గులు మామూలు నికెల్‌వైతే 40,000 దగ్గర, ఇరీడియంవైతే లక్ష దాకా. ఏవి వేశారో తెలియకుండానే 30,000కే మార్చేద్దాం సార్ అంటే ఒప్పుకోకండి. ఏసీ గాలి ఫిల్టర్‌ని ఏడాదికోసారో రెండేళ్ళకోసారో మార్చడం సరిపోతుంది.

బ్రేక్ ఫ్లూయిడ్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది దీన్నే వదిలేస్తారు. ఈ ద్రవం గాల్లోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ దాని మరిగే వేడి తగ్గిపోతుంది. సమతలం మీద ఏమీ తెలియదు. సుంకి నుంచి సాలూరు దాకా ఘాట్ దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కితే ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. చాలా మోడళ్ళలో దీన్ని సుమారు రెండేళ్ళకోసారి మార్చమని ఉంటుంది. ఖర్చూ పెద్దది కాదు. సర్వీసు సెంటర్ వాళ్ళు గుర్తు చెయ్యకపోయినా మీరే అడిగి మార్పించుకోవాల్సింది ఇదొక్కటే అంటాను నేను.

డీజిల్ కారైతే ఫ్యూయల్ ఫిల్టర్ కలుస్తుంది, ఆయిల్ కూడా ఎక్కువ పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. ధర ఎక్కువని బయట దొరికే మామూలు డీజిల్ ఆయిల్ పోయిస్తే ఆ జల్లెడ పూడుకుపోతుంది, దాన్ని మార్చే ఖర్చు ముందు ఆయిల్‌లో మిగిలింది లెక్కలోకే రాదు. సీఎన్‌జీ కార్లకి సిలిండర్ పరీక్ష మూడేళ్ళకోసారి తప్పనిసరి. ఎలక్ట్రిక్ కారుకి ఆయిల్ గొడవే లేదు, అయినా కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, ఏసీ ఫిల్టర్ చూడాలి.

మొత్తం ఎంతవుతుంది? చిన్న పెట్రోల్ కారుకి ఆయిల్ మాత్రమే మారే ఏటి సర్వీసు కంపెనీలో నాలుగైదు వేల దగ్గర తేలుతుంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్ అన్నీ ఒకేసారి వచ్చే 40,000 కిలోమీటర్ల సర్వీసు ఏడెనిమిది వేలు దాటడం మామూలే. డీజిల్ ఎస్‌యూవీలకి ఇంకా పైన. ఇవి మోటు అంకెలు. మీ మోడల్ అంకె కావాలంటే మారుతి, హ్యుందాయ్ వెబ్‌సైట్లలో మోడల్, కిలోమీటర్లు కొడితే అంచనా చూపించే సదుపాయం ఉంది. అది స్క్రీన్‌షాట్ తీసుకుని వెళ్ళండి. ఏటి సర్వీసుకి పదివేలు అన్న మాట వినగానే ఎక్కడ తేడా వచ్చిందో మీకే తెలుస్తుంది.

3. ఫ్రీ సర్వీసు ఎంతవరకు ఫ్రీ

కూలి మాత్రమే ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్, ఇతర సామాను డబ్బు మనదే. మారుతిలో ఫ్రీ సర్వీసులు 1,000, 5,000, 10,000 కిలోమీటర్ల దగ్గర వస్తాయి. నెలల గడువూ ఉంటుంది, దాటితే కూపన్ పోయినట్టే. మొదటి ఫ్రీ సర్వీసు చాలా మోడళ్ళలో చూసి పంపడమే, ఆయిల్ మార్పు ఉండదు. అయినా రెండు వేల బిల్లు చేతికొచ్చిందంటే అందులో షెడ్యూల్లో లేనిదేదో చేరిందన్నమాట.

మనకి ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. కారు విజయనగరంలో కొన్నా, భువనేశ్వర్‌లో కొన్నా ఫ్రీ సర్వీసు దేశంలో ఆ కంపెనీ అధీకృత వర్క్‌షాప్ ఎక్కడైనా చేయించుకోవచ్చు. సర్వీసు చరిత్ర కంపెనీ సిస్టంలో చాసిస్ నంబరు మీద ఉంటుంది. ‘మా దగ్గర కొనలేదు కదా’ అని ఎవరైనా ముఖం చిట్లిస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కి అక్కడినుంచే ఫోన్ చెయ్యండి, పని అయిపోతుంది.

4. ఏ ఊరు వెళ్ళాలో లెక్క కట్టండి

రాయగడలో ఉన్న మనిషికి దారులు నాలుగు: ఊళ్ళోనే ఉన్న చిన్న వర్క్‌షాప్, జయపురం, విజయనగరం, బరంపురం. పర్లాకిమిడివాళ్ళకి పాతపట్నం దాటితే శ్రీకాకుళం దారి. బరంపురంలో ఉన్నవాళ్ళకి పెద్ద సెంటర్లన్నీ ఊళ్ళోనే ఉన్నాయి కాబట్టి ఈ భాగం వదిలేసి ముందుకు వెళ్ళొచ్చు.

పెద్ద ఊళ్ళో కూలి రేటు సాధారణంగా ఎక్కువ, చిన్న ఊళ్ళో తక్కువ. సామాను ధర రెండుచోట్లా ఒకటే. కాబట్టి మామూలు ఆయిల్ సర్వీసుకి దూరం వెళ్ళడంలో డబ్బు మిగలదు. రాయగడ నుంచి విజయనగరం సుమారు 120 కిలోమీటర్లు. పోనూ రానూ 240. లీటరుకి 16 ఇచ్చే కారుకి 15 లీటర్ల పెట్రోలు. అంటే పదిహేను వందల పైమాటే, దానికి తోడు ఒక రోజు పని పాడు. (వెళ్తే మాత్రం పెట్రోలు ఒడిశా వైపే కొట్టించుకుని బయల్దేరండి. ఆంధ్రాలో లీటరు ధర ఎక్కువని పార్వతీపురంవాళ్ళు ఇటొచ్చి కొట్టించుకోవడం మనకి కొత్త కాదు.)

నా పద్ధతి ఇది: ఆయిల్, ఫిల్టర్ వరకు దగ్గర్లోని అధీకృత వర్క్‌షాప్. వారంటీలో ఉన్న గేర్‌బాక్స్, స్టీరింగ్, ఎలక్ట్రానిక్స్ పని అయితే పెద్ద ఊరు. చిన్న వర్క్‌షాప్‌లో కారు కంప్యూటర్లోని లోపాలు చదివే స్కానర్, అది వాడటం వచ్చిన మనిషి ఎప్పుడూ ఉండకపోవచ్చు. ఎలాగూ ఆసుపత్రికో పెళ్ళి బట్టలకో విశాఖ వెళ్ళే పని ఉంటే పెద్ద సర్వీసుని దాంతో కలిపేయండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: పని సరిగా జరగకపోతే మళ్ళీ తీసుకెళ్ళాల్సింది అక్కడికే. శబ్దాల మీద, ఏసీ చల్లదనం మీద ఫిర్యాదులు ఒక్క తిరుగుడుతో తీరేవి కావు. వాటికి దగ్గరి ఊరే మేలు.

బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి చాసిస్ నంబరు చెప్పి, ఫలానా ఫిల్టర్లు, ప్లగ్గులు స్టాకులో ఉన్నాయా అని అడగండి. ‘రేపొస్తాయి సార్’ అన్నారంటే రేపటిదాకా వెళ్ళకండి. పనిలో పనిగా ఆ చాసిస్ నంబరు మీద రీకాల్ (తయారీ లోపం సరిచెయ్యడానికి కంపెనీయే కార్లని వెనక్కి పిలవడం) ఏమైనా ఉందేమో చూడమనండి. కంపెనీ వెబ్‌సైటులో మీరే కూడా చూసుకోవచ్చు. రీకాల్ పనికి పైసా కట్టక్కర్లేదు.

కొన్ని కంపెనీలు సర్వీసు వ్యాన్‌ని ఇంటికే పంపుతాయి. మీ ఊరికి వస్తుందో లేదో అడిగి చూడండి. ఆయిల్ సర్వీసుకి అది హాయి.

5. జాబ్ కార్డు మీద ఏం రాయించాలి

కారు ఇచ్చేటప్పుడు గడిచే పది నిమిషాల మీదే మిగతా రోజంతా ఆధారపడుతుంది. చెయ్యాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డుని అడ్వైజర్ ట్యాబ్ మీద టకటకా కొట్టుకుంటూ పోతాడు, మనం సంతకం పెట్టేస్తాం. ఇటువైపు అడ్వైజర్ ఒడియా, హిందీ మాట్లాడతాడు. మనం కాస్త తెలుగు, కాస్త ఒడియా కలిపి చెప్తాం. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంటుంది. కాగితం మీద మాత్రం ‘జనరల్ చెకప్’ అని పడుతుంది. అదృష్టం బాగుండి తెలుగు కుర్రాడే ఎదురుపడ్డా సంగతి ఇంచుమించు ఇలాగే సాగుతుంది:

“శబ్దం వస్తోందన్నారు కదా సార్, జనరల్ చెకప్ రాసేశాను.”

“అలా కాదు బాబూ. ఎడమ పక్క ముందు చక్రం దగ్గర, గుంతలో దిగినప్పుడు టక్కుమంటోంది. ఇంజన్ చల్లగా ఉన్నా వస్తోంది. అదే రాయి.”

“ఇంత పెద్దది పట్టదేమో సార్.”

“పడుతుంది, కింద రిమార్క్స్ అని ఉంది చూడు.”

ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటి శబ్దం అన్న మూడూ రాయిస్తే మెకానిక్‌కి వెతుకులాట తగ్గుతుంది. వారంటీలో ఉన్న కారుకి ఇది ఇంకా ముఖ్యం. వారంటీ ముగిసేలోపు ఆ ఫిర్యాదు రాతపూర్వకంగా నమోదై ఉంటే తర్వాత అదే భాగం పాడైనప్పుడు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

అక్కడే మీ ఫోన్లో ఓడోమీటర్, పెట్రోలు ముల్లు, స్టెపిని, టూల్ కిట్, బాడీ నాలుగు పక్కలా ఫోటోలు తీసుకోండి. జాబ్ కార్డు మీద ‘అంచనా దాటితే ఫోన్ చేసి, ఒప్పుకున్నాకే చెయ్యాలి’ అని రాయించండి. ఈ ఒక్క వాక్యం సాయంత్రం జరిగే సగం గొడవని పొద్దున్నే ఆపేస్తుంది.

6. అంచనాలో కలిపేవి: ఒక్కొక్కటీ తేల్చుకోండి

ఖర్చు పెరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. అంచనా కాగితం అడగండి, మాటల్లో చెప్తే ఒప్పుకోకండి. ఫోన్లో తీసుకున్న షెడ్యూల్ ఫోటో పక్కన పెట్టి, షెడ్యూల్లో ఉన్నవాటికి టిక్ పెట్టండి. టిక్ పడనివి మిగులుతాయి. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేవి ఇవీ:

ఇంజన్ ఫ్లష్: పాత ఆయిల్ తీసేముందు ఒక ద్రావకం పోసి ఇంజన్ తిప్పడం. వేళకి ఆయిల్ మార్చిన కారుకి అక్కర్లేదు. మాన్యువల్లో లేకపోతే వద్దని చెప్పెయ్యండి.

ఫ్యూయల్ ఇంజెక్టర్ క్లీనర్, డీకార్బన్: ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లని, ఇంజన్ లోపలి మసిని శుభ్రం చెయ్యడం. కారు ఊగుతున్నా, పికప్ పడిపోయినా, మైలేజీ ఉన్నట్టుండి తగ్గినా ఆలోచించాలి. కారు బాగా నడుస్తుంటే ఎందుకు? 20,000 కిలోమీటర్ల కారుకి ఇంజన్‌లో కార్బన్ పేరుకుంది అంటే, చూశారా, ఎక్కడ చూశారు అని అడగండి.

ఏసీ డిసిన్‌ఫెక్షన్: ఒక స్ప్రే డబ్బా. ఏసీ వేసినప్పుడు ముక్కిపోయిన వాసన వస్తే ఉపయోగమే, లేకపోతే మానెయ్యండి. ఏసీ గాలి ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కి దించితే కనిపిస్తుంది. ఫిల్టర్ కొనుక్కుని మనమే పెట్టుకోవచ్చు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్: ఇది అదనపు పనే అయినా మన రోడ్లకి నేను ఔననే అంటాను. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ వదిలితే కారు పక్కకి లాగుతున్నా, టైరు ఒకవైపే అరుగుతున్నా చేయించాలి. అలైన్‌మెంట్ యంత్రం ఇచ్చే ముందు, తర్వాత అంకెల కాగితం అడిగి తీసుకోండి.

అండర్‌బాడీ కోటింగ్: కొరాపుట్ కొండల్లో తిరిగే కారుకి తొందర లేదు. గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు సముద్రగాలి తగిలే ఇళ్ళ దగ్గర పగలూ రాత్రీ ఆరుబయట ఉండే కారుకి ఉపయోగం ఉంది. చేయిస్తే కింద మట్టి పూర్తిగా కడిగి, ఆరనిచ్చి చెయ్యాలి. తడి మీద వేసిన కోటింగ్ తుప్పుని లోపలే మూసిపెడుతుంది.

ఎలుకల మందు స్ప్రే: నవ్వకండి. వరిచేల పక్కన ఇల్లున్నవాళ్ళ కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం నిజమైన సమస్య. స్ప్రే పనితనం కొద్ది రోజులే. బానెట్ కింద వలలు కట్టించడం, కారుని వారానికి రెండుమూడుసార్లైనా కదపడం ఎక్కువ పని చేస్తాయి.

బ్రేక్ ప్యాడ్లు: ‘అరిగిపోయాయి సార్’ అనే మాట మీద మార్పించకండి, ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో అడగండి. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 మిల్లీమీటర్లు. 3 దగ్గరికి వచ్చిందంటే మార్చడమే. 5, 6 ఉంటే వచ్చే సర్వీసుదాకా ఆగొచ్చు, కాకపోతే ఘాట్ రోజూ దిగేవాళ్ళు అంతదాకా లాగకుండా మధ్యలో ఒకసారి చూపించుకోవాలి. టైరు గాడి లోతు చట్ట ప్రకారం 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. వానాకాలంలో అంతదాకా వాడితే నీళ్ళలో జారుతుంది.

టెఫ్లాన్ కోటింగ్, ఇంటీరియర్ క్లీనింగ్, హెడ్‌లైట్ పాలిష్ లాంటివి అందానికి. డబ్బుంటే చేయించుకోండి, మెయింటెనెన్స్ అనుకుని మాత్రం చేయించుకోకండి.

అడ్వైజర్ మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు. చాలాచోట్ల వాళ్ళకి ఇలాంటివి నెలకి ఇన్ని అమ్మాలని టార్గెట్ ఉంటుంది. ‘ఇవాళ షెడ్యూల్లో ఉన్నదే చెయ్యండి బాబూ, మిగతాది వచ్చేసారి చూద్దాం’ అని నవ్వుతూ చెప్తే చాలు.

7. కారు తీసుకునే ముందు

మార్చిన పాత సామాను చూపించమనండి. పాత ఫిల్టర్, పాత ప్లగ్గులు డిక్కీలో పెట్టించమని పొద్దునే చెప్పి ఉంచితే ఇంకా మంచిది. ఇంజన్‌లో ఆయిల్ మట్టం చూపించే పుల్ల, డిప్‌స్టిక్, లాగి చూడండి: కొత్త ఆయిల్ తేనెరంగులో, రెండు గుర్తుల మధ్య ఉండాలి. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరగా నల్లబడుతుంది కాబట్టి రంగు చూసి గాబరా పడొద్దు, మట్టం చూడండి. చుట్టుపక్కల ఒక రౌండ్ నడిపి, పొద్దున చెప్పిన శబ్దం పోయిందో లేదో విని, ఆ తర్వాతే డబ్బు కట్టండి. గేట్ పాస్ చేతికొచ్చాక మీ మాటకి బరువు తగ్గిపోతుంది.

8. బిల్లు చదవడం

బిల్లులో మూడు వాటాలుంటాయి: సామాను, ఆయిల్ లాంటి వినియోగ వస్తువులు, కూలి. మూడింటినీ వేరువేరుగా చూడాలి.

సామాను దగ్గర మన చేతిలో ఉన్న గట్టి ఆధారం ప్యాకెట్ మీది ఎమ్మార్పీ. అది పన్నులన్నీ కలిపిన ధర. బిల్లులో ముందు పన్ను లేని ధర వేసి, దానికి జీఎస్టీ కలుపుతారు. రెండూ కలిపి ఎమ్మార్పీ దాటకూడదు. ఉదాహరణకి ప్యాకెట్ మీద 590 రూపాయలు ఉంటే, బిల్లులో 500, దాని మీద 18 శాతం కింద 90 ఉండాలి. 590 వేసి దాని మీద మళ్ళీ పన్ను వేశారంటే తప్పే. అందుకే కొత్త ఫిల్టర్ల ఖాళీ పెట్టెలు కూడా ఉంచమని అడగండి.

2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు వాటిలో చాలావాటికి 28 శాతం ఉండేది. ఆయిల్‌కి 18, కూలికి 18. ఒడిశాలో కట్టినా, ఆంధ్రాలో కట్టినా మొత్తంలో మార్పు లేదు. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ తొమ్మిదేసి శాతంగా రెండు గీతల్లో రావచ్చు, ఐజీఎస్టీ అని ఒకే గీతలో రావచ్చు. పాత బిల్లు పక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ మార్పు గుర్తుంచుకోండి.

ఆయిల్ లీటర్లు చూడండి. పెద్ద వర్క్‌షాపుల్లో డ్రమ్ము నుంచి పైపుతో పోస్తారు కాబట్టి సీసా కనిపించదు. మాన్యువల్లో 3.1 లీటర్లు అని ఉన్న ఇంజన్‌కి బిల్లులో 4 పడితే, మిగతా ఆయిల్ ఎక్కడికి పోయిందో అడిగే హక్కు మీది. డబ్బాతో పోశారంటే మిగిలింది ఇంటికి తెచ్చుకోండి.

కూలి దగ్గర చూడాల్సింది ఒకే పనికి రెండుసార్లు వేశారా అని. షెడ్యూల్ సర్వీసు కూలిలోనే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చడం కలిసి ఉంటుంది. మళ్ళీ కింద ‘ఆయిల్ ఫిల్టర్ లేబర్’ అని విడిగా ఉంటే తీయించండి. ‘కన్స్యూమబుల్స్’ అని గుండుగుత్తగా ఒక అంకె ఉంటే అందులో ఏముందో రాసివ్వమనండి. గుడ్డలు, గ్రీజు, వాషర్లు అని చెప్తారు. వందా రెండొందలైతే సరే, ఎనిమిది వందలైతే మాత్రం వివరం కావాలి.

9. వారంటీ, ప్యాకేజీలు, ఆ తర్వాత

వారంటీ ఉన్నన్నాళ్ళు కంపెనీ సర్వీసు వదలకపోవడమే మంచిది. మారుతి 2024 జులై నుంచి 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు ఇస్తోంది. హ్యుందాయ్‌ది 3 ఏళ్ళు, కిలోమీటర్ల హద్దు లేకుండా. ‘బయట ఒక్కసారి చూపిస్తే వారంటీ మొత్తం పోతుంది’ అని బెదిరించేవాళ్ళు ఉంటారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి సుమారు 2,544 కోట్ల జరిమానా వేసిన తీర్పులో, బయటి మెకానిక్ దగ్గరికి వెళ్ళారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చెయ్యకూడదని కూడా చెప్పింది. కంపెనీలు పై కోర్టులకు వెళ్ళాయి. అందుకే నా సలహా: పంక్చర్, బ్యాటరీ, టైర్లు బయట ధైర్యంగా చేయించుకోండి, ఇంజన్ ఆయిల్ మాత్రం వారంటీ ముగిసేదాకా కంపెనీలోనే. ఐదొందలు మిగిలించుకుని రేపు ఇంజన్ మీద వాదన పెట్టుకోవడం మనకి వద్దు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలనుకుంటే మొదటి వారంటీ ముగియకముందే తీసుకోవాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో ఇంజన్, పెద్ద స్క్రీన్లు ఉన్న కారుకి తీసుకోమనే అంటాను. మామూలు గేర్ల చిన్న పెట్రోల్ కారుకి, ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి అంత తొందర లేదు.

ముందే డబ్బు కట్టే సర్వీసు ప్యాకేజీ గురించి అడిగితే, సరిహద్దు జిల్లావాళ్ళు ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది కంపెనీదా, ఈ డీలర్‌దా? కంపెనీదైతే రేపు మీరు బరంపురం నుంచి శ్రీకాకుళం మారినా చెల్లుతుంది. డీలర్ సొంతంగా అమ్మేదైతే ఆ డీలర్ దగ్గరే చెల్లుతుంది. ఆ తర్వాత క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు అందులో ఉన్నాయో లేదో చూడండి. చాలా ప్యాకేజీల్లో ఉండవు.

వారంటీ ముగిశాక నమ్మకమైన మెకానిక్ ఉంటే ఆయిల్ సర్వీసు ఆయన దగ్గర చేయించుకోవచ్చు. కంపెనీ అసలు ఫిల్టర్లు, మాన్యువల్లో రాసిన గ్రేడు ఆయిల్ మీరే కొని ఇవ్వండి, బిల్లులు దాచండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, సాఫ్ట్‌వేర్ పనులు మాత్రం కంపెనీకే తీసుకెళ్ళాలి.

10. తగాదా వస్తే

ముందు అడ్వైజర్‌తో కాదు, వర్క్స్ మేనేజర్‌తో మాట్లాడండి. తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్, దాంట్లో జాబ్ కార్డు నంబరు ఉండాలి. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. సర్వీసు విజయనగరంలో చేయించాం కాబట్టి కేసు కూడా అక్కడే వెయ్యాలేమో అనుకుని చాలామంది వదిలేస్తారు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. అంటే విజయనగరం డీలర్ మీద రాయగడలో, బరంపురం డీలర్ మీద పర్లాకిమిడిలో కూర్చుని ఫిర్యాదు చెయ్యొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వెయ్యొచ్చు. ఫిర్యాదుకి జాబ్ కార్డు, అంచనా కాగితం, బిల్లు, పొద్దున తీసిన ఫోటోలు, షెడ్యూల్ పేజీ జత చెయ్యండి. లాయరు తప్పనిసరి కాదు.